కజ్మారెక్ కుడివైపు గీత

మార్చి 9, శనివారం

ఎమెట్ వచ్చి మిగిలిన సామాను తీసుకెళ్ళాడు. ఇనప పెనం కూడా. అందులో నాలుగేళ్ళూ గుడ్లు వేసింది నేనే, అయినా అది వాళ్ళ నానమ్మది. పట్టుకుపోనీ. స్నానాలగది పరదా విప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. పరదా ఎవరు కొన్నారో నిజానికి నాకూ గుర్తులేదు.

వంటగదిలో, బల్ల పైన గోడకున్న పటం దగ్గర మాత్రం ఇద్దరం నిలబడిపోయాం.

"మనవాళ్ళని ఏం చేద్దాం, థీ?" అన్నాడు.

"మనవాళ్ళేంటి? నీవాడు నీవాడు, నావాడు నావాడు."

"అది తెలుసులే. మధ్యలో గీత సంగతి?"

"గీత నాది."

"విచిత్రం. నాదని నాకనిపిస్తోంది."

నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. నవ్వాక అతను వెళ్ళడం ఇంకా ఎబ్బెట్టుగా తయారైంది.

అమ్మ ఎలాగూ అడుగుతుంది, ఎందుకు ఆ అట్టముక్క కోసం పట్టుపడుతున్నావని. ఇలా చెప్తాను: 1962లో, పొద్దున పాలలో వేసుకు తినే అటుకుల డబ్బాల వెనక బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు అచ్చువేసేవాళ్ళు. పిల్లలు కత్తెరతో కోసుకునేవాళ్ళు. పక్కపక్క కార్డుల మధ్య ఉండేది ఒకటే నల్లగీత. నీ కార్డుకి నాలుగువైపులా గీత నిలవాలంటే పక్కవాడికి ఒక వైపు పోవాల్సిందే. నాలుగు గీతలుంటే కార్డు. మూడుంటే చెత్త. మా అట్ట మీద మిగిలింది ఇద్దరే. ఎడమపక్క నా వాల్ట్ కజ్మారెక్. కుడిపక్క ఎమెట్‌గారి రాయ్ టిల్‌మన్. మార్షల్ అనే ఊళ్ళో ఒక ముసలావిడ పోతే ఆ ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. ఆవిడ ఆ డబ్బా అట్టని వంటింటి సొరుగు అడుగున పరుచుకుంది, సొరుగుకి సరిపోయేలా మిగతావాళ్ళందర్నీ కోసిపారేసి. చెంచాల కింద వీళ్ళిద్దరూ యాభయ్యేళ్ళకు పైగా పక్కపక్కనే పడుకున్నారు. చెంచాలు తీసి చూసినప్పుడు ఎమెట్ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే కమిలిపోయింది. ఇద్దరం చెరిసగం పెట్టి కొన్నాం. ఎప్పటికీ కొయ్యకూడదనుకున్నాం.

మోచెయ్యి సంగతి అమ్మకి చెప్పక్కర్లేదు.


మార్చి 10, ఆదివారం

గాలి అటుకుల ఫ్యాక్టరీ వైపు నుంచి. ఊరంతా మాడిన రొట్టె వాసన. ఇంకేం లేదు.


మార్చి 12, మంగళవారం

నాలుగేళ్ళు మానవశాస్త్రం చదివి నేను చేస్తున్న ఉద్యోగం: అటుకులు పాలలో ఎంతసేపటికి మెత్తబడుతున్నాయో నమిలి, కాగితం మీద టిక్కు పెట్టడం. కరకర బాగుంది. కరకర ఓ మోస్తరు. కరకర పోయింది. పక్క సీట్లో డోరీన్ నోట్లో చెంచా పెట్టుకునే అడిగింది:

"మీ ఆయన వెళ్ళిపోయాడటగా?"

"ఆయన కాదు. మాకు పెళ్ళి కాలేదు."

"అయితే ఇంకేం, కోర్టు తిప్పలు తప్పాయి."

ఈ ఊళ్ళో ఓదార్పు ఇంతకంటే దొరకదు. బాటిల్ క్రీక్ మనుషులు పొద్దున్నే లేచి ప్రపంచానికంతా టిఫిన్ చేస్తారు, తర్వాత ఇక ఎవరి మీదా జాలిపడే ఓపిక ఉండదు.

టిల్‌మన్‌ని ఎవడైనా ఇష్టపడతాడు. అందగాడు, కొడితే బంతి రోడ్డు దాటేది, పోయినప్పుడు గవర్నరు వచ్చాడు. టిల్‌మన్ అభిమానిని అని చెప్పుకోవడం ఎండ నాకిష్టం అని చెప్పుకోవడం లాంటిది. కజ్మారెక్ బంతి విసిరేవాడు, ఎడంచేతివాటం. గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువ. చెవులు టోపీలో పట్టవు. ఎంత నెమ్మదిగా విసిరేవాడంటే, బంతి దారిలో ఎక్కడో ఆగి కాఫీ తాగి వస్తుందని పేపర్లవాళ్ళు రాసేవాళ్ళు. పెద్ద పెద్ద మొనగాళ్ళు ఆత్రం పట్టలేక ముందే బ్యాటు ఊపేసి, గిర్రున తిరిగి కూలబడేవాళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడు ఎవరూ ముట్టని కార్డుల పెట్టెలో దొరికాడు నాకు. చెవులు చూసి తీసుకున్నాను.

అప్పట్నుంచీ అతనివి అన్నీ సంపాదించాను, ఈ అటుకుల డబ్బా కార్డు తప్ప. టిల్‌మన్‌ని ప్రతి రకం డబ్బా మీదా వేశారు. కజ్మారెక్‌ని తవుడు అటుకుల డబ్బా మీద మాత్రమే వేశారు. తవుడు ఏ పిల్లాడు తింటాడు? ముసలాళ్ళు తిన్నారు, డబ్బా పారేశారు. అందుకే టిల్‌మన్‌లు వందలకొద్దీ మిగిలారు, కజ్మారెక్‌లు కనబడరు. నా ఆల్బంలో ఆ ఒక్క అర ఖాళీ. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచింది లేక కాదు, గోడ మీద ఉన్నాడు కాబట్టి.

ఎమెట్ మొదటిసారి ఆ ఆల్బం తిరగేసినప్పుడు నవ్వలేదు. అందుకని ఇంటికి రానిచ్చాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా ఇంతకంటే ఎక్కువ విచారిస్తారు.


మార్చి 16, శనివారం

లూథరన్ చర్చి కింద హాల్లో కార్డుల సంత. బర్నీస్ ఎప్పట్లాగే తలుపు పక్క బల్ల దగ్గర, మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడేసుకుని. ముప్పయ్యేళ్ళుగా ఈ జిల్లాలో కార్డులు కొనీ అమ్మీ, ఇద్దరు మొగుళ్ళని కూడా అలాగే మార్చింది. ఆ మాట ఆవిడే చెప్తుంది.

"ఏమే పిల్లా, ఒక్కదానివే వచ్చావ్. టిల్‌మన్‌గాడెక్కడ?"

"కలమజూ వెళ్ళిపోయాడు."

"పనిమీదా?"

"అక్కడే ఉంటాడు."

బర్నీస్ ఒక కళ్ళజోడు తీసి ఇంకొకటి పెట్టుకుంది. "ఆహా. మరి అట్ట?"

నా సంగతి కాదు, అట్ట సంగతి. ఆవిడంటే నాకిష్టం అందుకే.

"అదే తేలట్లేదు. గీత నాదంటున్నాను, అతనిదంటున్నాడు."

"జనం కుక్కపిల్ల కోసం కొట్టుకుంటారు, చిన్నపిల్లల కోసం కొట్టుకుంటారు. మీరేంటే తల్లీ, గీత కోసం! ఇద్దరూ కలిపి నాకమ్మేయండి, నేను చక్కగా అద్దంలో పెట్టుకుంటాను."

"అమ్మను."

"తెలుసులే, అడిగిచూశా." డోనట్ విరిచి సగం నా చేతిలో పెట్టింది. "మరైతే ఈ హాలు పద్ధతి ఉండనే ఉంది. పొత్తులో కొన్నవాళ్ళు విడిపోతే, వెళ్ళేవాళ్ళు కొయ్యాలి, ఉండేవాళ్ళు ఏరుకోవాలి. నా కళ్ళముందు. వేలు పెట్టాక మాట మార్చేది లేదు. నేనూ మా రెండో మొగుడూ ఒక ఫోటోల కట్ట అలాగే పంచుకున్నాం."

"న్యాయంగా జరిగిందా?"

"న్యాయం కోసం కాదే అది. మళ్ళీ ఫోన్లు చేసుకోకుండా ఉండటానికి."


మార్చి 18

ఎమెట్‌కి మెసేజ్ పెట్టాను. సరే అన్నాడు. వెంటనే అన్నాడు. నాకైతే ఒక రోజైనా ఆలోచించాలనిపించేది.

ఏప్రిల్ 13, బర్నీస్ కొట్టులో.


మార్చి 24, ఆదివారం

అమ్మ ఫోన్. లాన్సింగ్‌లో మంచి ఉద్యోగం పడిందట, ఏదో మ్యూజియంలో, దరఖాస్తు పెట్టమంది. ఏప్రిల్ 13 తర్వాత చూస్తానన్నాను.

"ఆ రోజేముంది?"

చెప్పాను. ముందు అనుకున్నట్టే చెప్పాను, మోచెయ్యి లేకుండా.

"ఒసే, నాకొకటి చెప్పు. నీకు కావాల్సింది కార్డా, వాడా?"

"అమ్మా, కార్డే."

"అయితే మంచిది" అంది, నమ్మనప్పుడు మాట్లాడే గొంతుతో.


ఏప్రిల్ 2

పటం దించి తుడిచాను. మళ్ళీ పెట్టాను. దుమ్ము కోసం, అంతే.


ఏప్రిల్ 7, ఆదివారం

ఇది ప్రేమలూ దోమలూ కాదు, లెక్క. కాగితం మీద పెట్టి చూస్తాను.

కోసేది ఎమెట్. గీత టిల్‌మన్ వైపు ఉంచి కోశాడనుకో, టిల్‌మన్ నాలుగు గీతల దొర అవుతాడు. అప్పుడు నేను కసికొద్దీ టిల్‌మన్ మీద వేలు పెడితే, ఎమెట్‌కి దక్కేది గీత తెగిన కజ్మారెక్. పాపం, చేతులారా చేసుకున్నట్టవుతుంది. గీత కజ్మారెక్ వైపు ఉంచాడనుకో, నేను కజ్మారెక్‌ని తప్ప ఇంకొకణ్ణి ముట్టను. అతని టిల్‌మన్ అతనికి దక్కుతాడు, గీత లేకపోయినా. పైగా అతనికి ఇంకో టిల్‌మన్ దొరుకుతాడు. నాకు ఇంకో కజ్మారెక్ దొరకడు. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు, నాతోబాటు మూడు రాష్ట్రాల సంతలు తిరిగాడు వాడి కోసం.

కాబట్టి బుద్ధున్నవాడైతే గీత నాకే వదులుతాడు. ఎమెట్‌కి బుద్ధి ఉంది.

అలా వదిలితే దానికి ఇంకో అర్థం ఏమీ లేదు. లెక్క ప్రకారం అంతే చెయ్యాలి ఎవడైనా.

కలమజూలో ఉన్నావిడ పేరు ఇంతవరకు ఇందులో రాయలేదు. ఇవాళా రాయను. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుందట. జనవరి నుంచే తెలుసు నాకు. డిసెంబరు అనుకుంటా.

ఇంకో అర్థం ఏమీ లేదు.


ఏప్రిల్ 12, శుక్రవారం

జుట్టు కత్తిరించుకున్నాను. ఎప్పట్నుంచో అనుకుంటున్నదే.


ఏప్రిల్ 13, శనివారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

బర్నీస్ కొట్టు వెనకగది. బల్ల మీద ఆకుపచ్చ రబ్బరు చాప, ఉక్కు స్కేలు, కొత్త బ్లేడు. ఎమెట్ ముందే వచ్చి ఉన్నాడు. నేను ఎరగని స్వెట్టరు వేసుకున్నాడు. మంచి స్వెట్టరే.

"జుట్టు బాగుంది" అన్నాడు.

"ఎప్పట్నుంచో అనుకుంటున్నదే" అన్నాను.

"పొగడ్తలు తర్వాత" అంది బర్నీస్. "పద్ధతి తెలుసుగా? నువ్వు కొయ్యి. అది ఏరుకుంటుంది. వేలు పెట్టాక ఏడిస్తే బయటికెళ్ళి ఏడవాలి, ఇక్కడ కార్డులున్నాయి."

పటం వెనక మేకులు పీకింది నేనే. అట్ట బయటికి తీస్తే చెంచాల ముద్రలు ఇంకా లీలగా ఉన్నాయి. ముసలావిడ అంచులు వదులుగా కోసింది కాబట్టి చుట్టూరా గీతలు చెక్కుచెదరలేదు. చూడాల్సింది మధ్య గీతే. ఎమెట్ వంగి స్కేలు ఆనించాడు. అతనికి చేతులు వణకవు, గడియారాలు బాగుచేసే ఇంట్లో పుట్టాడు. స్కేలు ఇటు జరిపాడు, అటు జరిపాడు. బర్నీస్ పెద్ద కళ్ళజోడు పెట్టుకుంది. నేను స్కేలు చూడకుండా అతని మెడ చూస్తున్నాను. అదెందుకో నాకు తెలుసు, రాయను.

బ్లేడు ఒక్కసారి వెళ్ళింది. చప్పుడు కూడా సరిగా రాలేదు.

స్కేలు తీశాడు. గీత టిల్‌మన్‌తో వెళ్ళింది. మొత్తం, పైనుంచి కిందిదాకా, వెంట్రుక వాసి పోకుండా. కజ్మారెక్ కుడివైపు తెల్లగా, బోడిగా ఉంది, చెవి అంచు గీసుకుపోయినంత దగ్గరగా.

ఎమెట్ బ్లేడు మూసి, టిల్‌మన్‌ని తన వైపు జరుపుకోబోయాడు. అప్పుడే. ఇంకా నేనేం అనకముందే.

బర్నీస్ అతని మణికట్టు మీద స్కేలుతో కొట్టింది. "ఏరుకునేది నువ్వు కాదు నాయనా."

"ఓ, సారీ" అని నవ్వాడు. నా వైపు తిరిగి, ఎంతో మెత్తగా అన్నాడు: "నువ్వు వాణ్ణి వదిలే మనిషివి కాదుగా, థీ. గీతున్నా లేకపోయినా. నాకు తెలుసు."

అది ఎకసెక్కం కాదు. అలా అయినా బాగుండేది. మెచ్చుకుంటున్నాడు నన్ను! నా గుణం ఎంత మంచిదో చెప్తూ, ఆ మంచితనం మీద స్కేలు పెట్టి కోసుకున్నాడు. నేను లెక్కలో చూసుకోనిది అదొక్కటే. నేను కసితో టిల్‌మన్‌ని తీసుకుంటానని అతను ఒక్క క్షణం కూడా భయపడలేదు. డిసెంబరంతా కూడా అలాగే ధీమాగా ఉన్నాడు కాబోలు, ఆలస్యంగా వచ్చినప్పుడల్లా అన్నం మూతపెట్టి ఉంటుందని.

టిల్‌మన్ మీద వేలు పెట్టాను.

"థీ," అన్నాడు, "అది టిల్‌మన్."

"కనిపిస్తోంది."

"నీకు టిల్‌మన్ అంటే అసహ్యం."

"అలవాటవుతాడు."

అతని మొహంలో రంగు ఎలా దిగిందో బాగా చూశాను. నాలుగేళ్ళలో అతన్ని అంత శ్రద్ధగా చూడలేదు. బర్నీస్ చిన్నగా దగ్గి, టిల్‌మన్‌ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి నా చేతికిచ్చింది. కజ్మారెక్‌ని ఎమెట్ జేబులో పెట్టుకోబోతే, "తొడుగులో పెట్టు, మనిషివా పశువువా" అని నేనే అరిచాను.

బయట కార్ల దగ్గర వెనకే వచ్చాడు.

"ఇదేం పని, థీ? వాడు నీకు ప్రాణం. నాకు వాడు ఎందుకు?"

"నీకు తెలియాలి. కోసింది నువ్వు."

"నీ మీద నమ్మకంతో కోశాను."

"అదేగా" అని కారెక్కాను. బాగా వచ్చింది ఆ మాట. దారంతా మళ్ళీ మళ్ళీ అనుకున్నాను, అదేగా, అదేగా.


ఏప్రిల్ 14

గెలిచాను.


ఏప్రిల్ 20, శనివారం

ఎమెట్ ఫోన్ చేశాడు. మార్చుకుందాం అన్నాడు. ఎవరివాడు వాళ్ళకి.

నాకు టిల్‌మన్ నచ్చుతున్నాడన్నాను. పాత పటంలో పెట్టి గోడకి తగిలించాను. ఇద్దరి కోసం చేసిన పటం కదా, పక్కన సగం ఖాళీగా కనిపిస్తుంది. పర్వాలేదు.

మార్చుకుంటే ఏమవుతుంది? గీతున్న టిల్‌మన్ అతనికి, గీతలేని కజ్మారెక్ నాకు. అంటే ఆ రోజు స్కేలు పెట్టినప్పుడు అతను ఏం అనుకున్నాడో అచ్చం అదే.


ఏప్రిల్ 28

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.


మే 5

ఫోన్ రాలేదు. మంచిదే.


మే 12, ఆదివారం

అమ్మ వచ్చింది. మాతృదినం. నేను హోటలుకి తీసుకెళ్ళాల్సింది పోయి, ఆవిడే కూర వండి పట్టుకొచ్చింది. గోడ వైపు చూసి ఆగింది.

"ఎవడే ఈ అందగాడు?"

"రాయ్ టిల్‌మన్."

"ఆ పిల్లాడు చెప్తూండేవాడు, వాడా? నీ చెవులాయన ఏడీ?"

"ఎమెట్ దగ్గర."

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది. "అంటే నీకు నచ్చనివాడు నీ గోడ మీద, వాడికి అక్కర్లేనివాడు వాడింట్లో. దీన్నేనా గెలవడం అంటారు మీ చదువుకున్నవాళ్ళు?"

"అది కాదమ్మా, పద్ధతి ప్రకారం..."

"పద్ధతి సరే. తిను. ఎముకలు తేలుతున్నాయి."

లాన్సింగ్ ఉద్యోగానికి గడువు దాటిపోయింది. అమ్మకి చెప్పలేదు.


మే 14

టిల్‌మన్‌కి ఎడమ కన్ను కొంచెం చిన్నది. ఇంతకుముందు చూసుకోలేదు. దగ్గరగా చూస్తే అంత అందగాడేమీ కాదు.


మే 18, శనివారం

సంతకి వెళ్ళాను. కజ్మారెక్‌ల కోసం కాదు, ఊరికే.

బర్నీస్ నన్ను చూసి బల్ల మీది గుడ్డ సర్దింది. సర్దాల్సిందేమీ లేదక్కడ.

"చెప్పండి" అన్నాను.

"చెప్పడానికేముందే?"

"మీరు గుడ్డ సర్దుతున్నారు."

"మీవాడు పోయినవారం షికాగో సంతలో కనిపించాడు. ఇంకో టిల్‌మన్ దొరికాడు. అటుకుల డబ్బాదే, నాలుగు గీతలూ ఉన్నాయి, నీదానికంటే రంగు కూడా బాగుంది." ఆగింది. "ఆ అమ్మాయి కొనిపెట్టింది పుట్టినరోజుకి. ఎముకలా ఉంది పిల్ల. పళ్ళు బాగున్నాయి."

"లారెల్" అన్నాను.

"ఏమో, పేరడగలేదు."

టిల్‌మన్‌లు దొరుకుతారని నాకు తెలియదా? నేనే రాశాను పైన, అతనికి ఇంకొకడు దొరుకుతాడని, కాగితం మీద, లెక్కలో భాగంగా. రాశాను గానీ, ఆ దొరికే రోజు ఒకటి వస్తుందని అనుకోలేదు. నేను టిల్‌మన్‌ని గోడకి బిగించుకుని కూర్చుంటే, ఎమెట్ కలమజూలో నిద్ర పట్టక దొర్లుతుంటాడనుకున్నాను. నాలుగు వారాలు. కొత్తది దొరకడానికి అంతే పట్టింది అతనికి. దేనికైనా.

"ఆ రోజు నేను టిల్‌మన్‌ని తీసుకునేటప్పుడు నన్నెందుకు ఆపలేదు?" అన్నాను బర్నీస్‌తో.

"ఆపేదాన్నే. నీ మొహం ఎంత వెలిగిపోతోందో చూసి నోరు రాలేదు."


మే 19

కజ్మారెక్ ఇప్పుడు అతనికెందుకూ పనికిరాడు. అట్టముక్క. ఎక్కడ పెట్టి ఉంటాడు? తొడుగులోంచి తీశాడేమో. ఎండ తగిలేచోట పెట్టాడేమో. ఆ రంగులు ఎండకి ఆగవు. లారెల్‌కి ఆ సంగతి తెలియదు. చెప్పినా తెలియదు.


మే 22, బుధవారం

రాసి చెరిపినవి:

ఎమెట్, మార్చుకుందామన్నావుగా, ఇప్పుడు నాకు వీలవుతుంది.

ఎమెట్, ఆల్బంలో ఒక అర ఖాళీ ఉందని తెలుసుగా, అది నిండితే మంచిదని.

ఎమెట్, వాణ్ణి ఎండలో పెట్టకు.

చివరికి పంపింది: "మార్చుకోవడానికి నేను సిద్ధం. నీకు కుదిరినప్పుడు చెప్పు." పూర్తిగా ఆల్బం కోసమే. ఒక అర ఖాళీగా ఉంచి సేకరణ పూర్తయిందని ఎవరూ చెప్పుకోలేరు. గీత లేని కార్డు ఆల్బంలో పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు, ఏమీ లేకపోవడం కంటే నయం.

ఏమీ లేకపోవడం కంటే నయం అని మార్చిలో ఎవరైనా అంటే వాళ్ళ మొహాన ఉమ్మేసేదాన్ని.


మే 23

జవాబు వచ్చింది. యథాతథంగా:

"అయ్యో, మార్చుకోవడం దేనికి థీ! నా దగ్గర ఇప్పుడొక టిల్‌మన్ ఉన్నాడు. నువ్వు నీదాన్ని ఉంచుకో. కజ్మారెక్‌ని ఊరికే పంపించేస్తాను. నీవాడేగా. ఇన్నాళ్ళూ ఇవ్వాలనే అనుకుంటున్నా. అడ్రసు అదేగా?"

అడ్రసు అదేగా. ఇంకెక్కడికి పోతాననుకున్నాడు.

టిల్‌మన్‌ని పంపించి తీరతాను, ఊరికే నాకేం వద్దు అని రాయబోయాను. రాస్తే అతనేమంటాడో తెలుసు. "నీ ఇష్టం థీ" అంటాడు. పంపితే తీసుకుంటాడు, కొత్తదాని పక్కన పెట్టుకుంటాడు, మర్చిపోతాడు. నా దగ్గర అతనికి కావాల్సింది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదిప్పుడు. ఒక్కటున్నన్నాళ్ళూ నేను కాస్త మనిషినే.


మే 27

డోరీన్ అడిగింది, ఎందుకు అన్నీ "కరకర పోయింది" అని పెడుతున్నావని. మళ్ళీ నమిలి దిద్దాను.


జూన్ 1, శనివారం

పోస్టులో వచ్చింది.

కవరు మీద నా పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఎమెట్ చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. లోపల రెండు గట్టి అట్టల మధ్య, తొడుగులో, తొడుగు మీద ఇంకో తొడుగు, మూలలు నలగకుండా చుట్టూ మెత్తటి కాగితం. నేను కూడా ఇంత బాగా కట్టేదాన్ని కాదు. ఆవిడే కట్టింది. ఎండలో పెట్టలేదు. రంగు అలాగే ఉంది. తప్పుపట్టడానికి ఒక్క మరక దొరకలేదు, చాలాసేపు వెతికాను.

ఉత్తరం లేదు.

ఆల్బం తెరిచి ఆ అరలో పెట్టాను. కుడిపక్క బోడిగా ఉన్నచోట అర అంచు కప్పేస్తుంది; తెలియనివాళ్ళెవరైనా చూస్తే కార్డు బాగానే ఉందనుకుంటారు. మొత్తం నిండింది. పదిహేడేళ్ళకి. చూపించడానికి ఎవరూ లేరు. బర్నీస్‌కి చూపిస్తే గీత గురించి అడుగుతుంది.

అప్పుడే అమ్మ ఫోన్.

"వచ్చాడా నీ చెవులాయన?"

"వచ్చాడు."

"మరి ఆ అందగాణ్ణి పంపేశావా?"

"అక్కర్లేదన్నాడు. ఉంచుకోమన్నాడు."

"అంటే ఇద్దరూ నీకే వచ్చారా?" అమ్మ నిజంగానే సంతోషపడింది, నాకోసం. "అయితే మొత్తం నువ్వే నెగ్గావన్నమాట!"

అవునమ్మా అన్నాను. గొంతు బాగానే వచ్చింది.